‘అలాగేనండీ’ అంటే అవునా, కాదా?

(గత సంక్రాంతికి మన పాఠశాల ఆవరణలో జరిగిన పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను 1986 పదో తరగతి, ‘బి’ సెక్షన్. కిటికీ పక్క రెండో బెంచీ.

కార్యదర్శి గారు ఫోన్ చేసి, “హాలండులో నువ్వు చేసే పనేమిటో మన పిల్లలకి చెప్పాలమ్మా” అన్నారు. ఆ పనేమిటో మా అమ్మకే ఇరవై ఏళ్లుగా సరిగ్గా చెప్పలేకపోయాను. “అక్కడి కంపెనీల వాళ్లకీ మన కంపెనీల వాళ్లకీ మధ్య మాట కలుపుతానమ్మా” అంటే, “అంటే పెళ్లిళ్ల పేరమ్మవన్నమాట” అంది. కాదని వాదించాను గానీ, తీరిగ్గా ఆలోచిస్తే ఆవిడ చెప్పిందే దగ్గరగా ఉంది. కాకపోతే పేరయ్యలు రెండు వైపులా నాలుగు అబద్ధాలు కలుపుతారు. నేను కూడా మొదట్లో కలిపాను. ఆ సంగతి చెప్పడానికే ఇవాళ ఇంత దూరం వచ్చాను.

ముందు మన బడితో మొదలుపెడతాను. మా లెక్కల మాస్టారు బోర్డు నిండా లెక్క చేసి, సుద్దముక్క చేతిలోనే పట్టుకుని వెనక్కి తిరిగి “అర్థమైందా?” అనేవారు. అరవై మందిమీ ఒక్క గొంతుతో “అయిందండీ!” అనేవాళ్లం. అర్థమైంది ఎంతమందికో మాస్టారికీ తెలుసు, మాకూ తెలుసు. కాలేదని లేచి చెబితే మాస్టారు బాగా చెప్పలేదన్నట్టు ఉంటుంది, పక్కవాళ్ల ముందు మనం మొద్దులమన్నట్టూ ఉంటుంది. అందుకని “అయిందండీ”. అది అబద్ధం కాదు, మర్యాద. (మాస్టారూ, మీరు నవ్వుతున్నారు. మీకు అప్పుడే తెలుసన్నమాట.)

1997లో నా భర్త ఉద్యోగం కోసం ఐండ్‌హోవెన్ వెళ్లాం. 2000 సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లు తేదీ తప్పుతాయని ప్రపంచమంతా భయపడుతున్న రోజులు. మనవాళ్లకి అక్కడ మంచి గిరాకీ. నాకు బందరులో బీకాం, విశాఖలో ఎంకాం అయ్యాయి గానీ అక్కడ ఏ పనికీ పిలుపు రాలేదు. డచ్చి భాష నేర్చుకుని, మూడేళ్లకి వాళ్ల రాజ్యపరీక్ష పై మెట్టు పాసయ్యాను. ఆ భాషలో ‘గ’ని గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు పలకాలి. మా అబ్బాయి నెలకే పట్టేశాడు, నాకు రెండేళ్లు పట్టింది.

మొదటి పని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో, గుమాస్తా లాంటిది. వాళ్ల ప్రోగ్రాములు రాసే బృందం హైదరాబాదులో ఉండేది. వారానికోసారి ఫోన్ సమావేశం. డచ్చి మేనేజరు గంటసేపు వివరించి చివర్లో “స్పష్టంగా ఉందా?” అనేవాడు. అటునుంచి పద్నాలుగు గొంతులు “యెస్!” అనేవి. ఆయన సంతోషంగా ఫోన్ పెట్టేసేవాడు. మూడు వారాలకి వచ్చే పని ఆయన అడిగింది కాదు. ఆయనకి ఒళ్లు మండిపోయేది. “అబద్ధాలాడుతున్నారు వీళ్లు” అన్నాడొకసారి. పక్కన కాగితాలు సర్దుతున్న నాకు మన పదో తరగతి ‘బి’ సెక్షన్ కళ్ల ముందు కనపడింది. ఆయనతో అన్నాను: “స్పష్టంగా ఉందా అని అడక్కండి. రేపు పొద్దున్న మొదట ఏం చేస్తారు, ఎక్కడ మొదలుపెడతారు అని అడగండి.” మరుసటి వారం అలాగే అడిగాడు. అటు నిశ్శబ్దం. తర్వాత ఒక అమ్మాయి మెల్లగా, “సర్, మూడో పేజీలో ఒక సందేహం” అంది. ఆ రోజు ఇరవై ఏడు సందేహాలు బయటపడ్డాయి. నా వృత్తి అక్కడ పుట్టింది. దానికి పెట్టుబడి మన లెక్కల క్లాసే.

చిన్న పక్కదారి పడతాను, చరిత్ర చెప్పిన టీచరు గారు ఇక్కడే ఉన్నారు కాబట్టి. బందరులో వలందపాలెం ఉంది కదా. చిన్నప్పుడు దాని మీదుగా ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. వలందులంటే హాలండు వాళ్లేనని, అంటే డచ్చివాళ్లని నాకు అక్కడికి వెళ్లాక తెలిసింది. నాలుగు వందల ఏళ్ల కిందట, పదిహేడో శతాబ్దం మొదట్లోనే, గోల్కొండ నవాబుల అనుమతితో బందరులో కొఠీ పెట్టారు వాళ్లు. కొనడానికి వచ్చింది మన అద్దకం బట్టలే. ఆ బట్టల్ని వాళ్లు ‘సిట్స్’ అంటారు. 2017లో లేవార్డెన్ అనే ఊళ్లో ఫ్రీస్ మ్యూజియం వాళ్లు అచ్చంగా ఆ బట్టల ప్రదర్శన పెడితే వెళ్లాను. అద్దాల వెనక ఎర్రపూల అంగీ ఒకటి, పక్కన ‘కోరమాండల్ తీరం’ అని చీటీ. మా నాయనమ్మ పెట్టెలోని దుప్పటి మీద లత కూడా అలాగే వంకర తిరిగి ఉండేది. అక్కడున్న కాపలా మనిషి నన్ను చూసి “బాగానే ఉన్నారా?” అని అడిగింది.

బట్టల మాట వచ్చింది కాబట్టి అసలు సంగతి చెప్పేస్తాను.

2003లో నేను ఇంకా ఉద్యోగం చేస్తూనే, పక్కపనిగా ఇలాంటి మాటసాయం మొదలుపెట్టాను. ఉట్రెక్ట్‌లో ఇంటి అలంకరణ సామాను అమ్మే ఒకావిడ కలంకారీ మేజాబల్ల గుడ్డలు కావాలంది. నాకు ఎగిరి గంతేసినంత పనయింది. మన బడిలో నాతో చదువుకున్న ఒకతనిది పెడనలో అద్దకం పని. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. ఇక్కడే ఉన్నాడు. నమూనాలు తెప్పించాను. ఆవిడ తెల్లటి తడిగుడ్డ తీసి ఎర్రరంగు మీద రుద్దింది. గుడ్డకి రంగు అంటింది. ఆవిడ అన్న మాట నాకు ఈనాటికీ ముక్కకి ముక్క గుర్తుంది: “డిజైను బాగుంది. రంగు దిగుతోంది. ఇలాగైతే నేను కొనను. పరీక్షలో పాసైన గుడ్డ పంపితే అప్పుడు మాట్లాడదాం.”

ఆ రాత్రి నేను ఫోన్‌లో మనవాడికి ఏం చెప్పానో వినండి. “డిజైన్లు ఆవిడకి తెగ నచ్చాయి. రంగు సంగతి కొంచెం చూసుకోమంది.” అంతే. ‘కొనను’ అన్న మాట నా నోటికి రాలేదు. ఒకే బెంచీలో కూర్చున్నవాడు. నమూనాల కోసం పదిహేను రోజులు కాలవలో బట్టలు ఉతికించినవాడు. వాడితో ‘కొనను’ అని ఎలా అనడం? అతను “అలాగే, చూసుకుంటాంలే” అన్నాడు. నేను ఆవిడకి “చేస్తానన్నాడు” అని చెప్పాను. ఇద్దరికీ చెరో మిఠాయి పెట్టి నిద్రపోయాను.

అతను దసరా ముందు అప్పు తెచ్చి ఎనిమిది వందల గుడ్డలు అద్దించాడు. కరక్కాయ నీళ్లలో నానబెట్టడం, అచ్చులు వేయడం, రంగులో ఉడకబెట్టడం, కాలవలో జాడించడం, ఎండబెట్టడం. ఇరవై మంది పని. “చూసుకుంటాం” అన్నట్టే ఒక ఉతుకు ఎక్కువే ఉతికించాడు పాపం. జనవరిలో సరుకు సిద్ధమని నేను ఆవిడకి ఫోన్ చేస్తే, “ఏ సరుకు?” అంది. తన డైరీ తీసింది. అక్టోబరులో ఫలానా తారీఖు, ఫలానా గంటకి నాతో ఏమన్నదో అందులో రాసుకుంది. చదివి వినిపించింది. ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. మనవాడి దగ్గర రాసుకున్నదేమీ లేదు, నా మాట తప్ప.

ఆ వేసవికి వచ్చినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. వసారాలో కట్టలు కట్టలుగా ఆ గుడ్డలు. వాళ్లావిడ కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. అతనేమన్నాడంటే, “ఫోన్ సరిగా వినపడక నేనే తప్పు విన్నానేమో” అన్నాడు. నా మర్యాద కాపాడటానికి తప్పు తన మీద వేసుకున్నాడండీ. అక్కడ నా వల్ల కాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఆవిడ ‘కొనను’ అన్నదని, నేను మింగేశానని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆ మాట అప్పుడే చెప్పుంటే రెండ్రోజులు కోపమొచ్చేది. అంతేగా” అన్నాడు.

నష్టంలో సగం నేను రెండున్నరేళ్లలో వాయిదాల మీద ఇచ్చుకున్నాను. మొదట తీసుకోనన్నాడు. తీసుకోవాల్సిందేనని వాళ్లావిడ గట్టిగా చెప్పింది, ఆవిడకి ఇక్కడినుంచి దణ్ణం పెడుతున్నాను. గుడ్డలు విజయవాడ ఎగ్జిబిషన్లో ఖర్చులు కూడా రాని ధరకి పోయాయి. ఉట్రెక్ట్ ఆవిడ మళ్లీ మాతో వ్యాపారం చేయలేదు.

అప్పటినుంచీ నా పని పద్ధతి మారిపోయింది. ఎవరు ఏ మాట అన్నా ఆ మాట దాని బరువుతో సహా అవతలివాళ్లకి చేరవేస్తాను. ‘కొనను’ అంటే ‘కొనను’. ఆ తర్వాత ఆగి, “ఇప్పుడు చెప్పేది నా సొంత మాట” అని విడిగా చెప్పి, ఆ మనిషి అలా ఎందుకన్నాడో వివరిస్తాను. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలపను. ఆ సాయంత్రమే ఇద్దరికీ ఉత్తరం రాస్తాను, ఏం తేలిందో, ఏం తేలలేదో, ఎవరు ఏ తారీఖుకి ఏం చేయాలో. మన ‘అలాగేనండీ’ ఉంది చూశారూ, దాన్ని ఒంటరిగా ఎక్కడికీ పంపను. అందులో ‘విన్నాను’ ఉంది, ‘మీ మీద గౌరవం ఉంది’ ఉంది, ‘చూద్దాం’ ఉంది, అప్పుడప్పుడు ‘అవును’ కూడా ఉంది. ఏది ఎంతో తేల్చుకునేదాకా డచ్చివాళ్లకి దాన్ని ‘యా’ అని చెప్పను.

2006లో ఉద్యోగం మాని, అక్కడి వాణిజ్య మండలిలో నా ఒక్కదాని పేరుతో సంస్థ నమోదు చేయించుకున్నాను. నమోదు అరపూటలో అయిపోయింది. పని దొరకడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ ఇల్లు నా భర్త జీతం మీదే నడిచింది. వ్యాపారం పెట్టినవాళ్లు ఈ ముక్క సాధారణంగా వదిలేస్తారు, అందుకని చెబుతున్నాను.

తప్పులన్నీ మనవైపే అనుకునేరు, కాదు. గీర్ట్ హోఫ్‌స్టెడ్ అని డచ్చి పండితుడొకాయన ఉండేవారు, 2020లో పోయారు. ఐబీఎం కంపెనీ ఉద్యోగుల సర్వేలతో మొదలుపెట్టి దేశాల తీరుతెన్నులకి మార్కులు వేశారాయన. పెద్దాచిన్నా అంతరాన్ని జనం ఎంత సహజంగా ఒప్పుకుంటారన్న లెక్కలో మనకి 77, నెదర్లాండ్స్‌కి 38. మా రంగంలో అందరూ ఈ పట్టిక చూపించే ఉపన్యాసాలిస్తారు. నేనూ ఇచ్చాను. కానీ పట్టికతో ఒక్క ఒప్పందమూ కుదరడం నేను చూడలేదు. అక్కడ కుర్ర ఇంజనీరు తన డైరెక్టర్ని పేరుపెట్టి పిలిచి “ఇది తప్పు” అంటాడు, ఆయన “అవును కదా” అంటాడు. ఆ కుర్రాడే మన దగ్గరికొచ్చి అలాగే మాట్లాడతాడు. ఆ గదిలో ఏం జరిగిందో అతనికి తెలియను కూడా తెలియదు.

ఇంకో చిక్కు, నిర్ణయం ఎవరిదన్నది. మనవైపు యజమాని ఊఁ అంటే అయిపోయినట్టే. “ఆయన ఎండీ కదమ్మా, సంతకం పెట్టడానికి ఆయనకేం?” అని అడుగుతారు నన్ను. అక్కడి ఎండీ వెనక్కి వెళ్లి నలుగురితో కూర్చోవాలి. వాళ్ల నేలలో నాలుగో వంతు సముద్రమట్టం కన్నా పల్లంలో ఉంది. గట్టు ఎక్కడ తెగినా అందరూ మునుగుతారు కాబట్టి, శతాబ్దాలుగా నీటి మండళ్లు పెట్టుకుని అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకునే అలవాటు వచ్చిందని వాళ్లు చెప్పుకుంటారు. అందుకే మొదట నెలలు నెలలు సాగదీస్తారు, ఒకసారి ఒప్పుకున్నాక మాత్రం వెనక్కి తిరిగి చూడరు. మనవాళ్లు ఇవాళే ఒప్పుకుని రేపు బేరం మళ్లీ మొదలుపెడతారు. అది చూస్తే వాళ్లకి గుండె ఆగిపోతుంది.

భోజనాల దగ్గరా గొడవే. మన బృందమొకటి అక్కడికెళితే మధ్యాహ్నం రొట్టె, చీజు ముక్క, గ్లాసుడు కర్నెమెల్క్ పెట్టారు. కర్నెమెల్క్ అంటే మజ్జిగే, ఉప్పూ కరివేపాకూ లేకుండా. “మమ్మల్ని ఇంత చులకన చేస్తారా?” అని మనవాళ్లు హోటలుకొచ్చి ఒకటే బాధ. ఆ కంపెనీ అధిపతి కూడా అదే రొట్టె తిన్నాడని నేను చెబితే ఎవరూ నమ్మలేదు.

చివరగా ఒక రొయ్యల సంగతి చెప్పి కూర్చుంటాను. మన తీరంలోనే ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. యజమాని దివిసీమ మనిషి. కొనేది జీలాండ్ అనే రాష్ట్రంలోని ఒక కుటుంబం. అక్కడ మందుల అవశేషాల పరీక్షలు చాలా గట్టిగా ఉంటాయి, అందుకని వాళ్ల నాణ్యత ఇంజనీరొకడు తనిఖీకి వచ్చాడు. ముప్పై ఏళ్ల కుర్రాడు. పనివాళ్లందరి ముందు, “మీ రికార్డులు పనికిరావు. ఏ చెరువు రొయ్య ఏ పెట్టెలో ఉందో మీకే తెలియదు” అన్నాడు. అన్నది నిజమే. మాట మాటగానే చెప్పాను. యజమాని చిరునవ్వుతో టీ తెప్పించారు, పీతల ఇగురుతో భోజనం పెట్టించారు, కారు దాకా వచ్చి సాగనంపారు. “పర్యటన బ్రహ్మాండంగా జరిగింది” అని కుర్రాడు రిపోర్టు రాశాడు. ఆ తర్వాత నాలుగు నెలలు వాళ్ల మెయిళ్లకి ఒక్క జవాబు లేదు.

నేను జీలాండ్ వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. “చెప్పిన విషయం ఒప్పే. చెప్పిన చోటు తప్పు. ఆ మాట ఆయన గదిలో తలుపు వేసి చెప్పాల్సింది” అన్నాను. అక్కడ ఒక ముసలాయన ఉన్నాడు, వ్యాపారం కొడుక్కి అప్పగించి విశ్రాంతిగా ఉన్న తండ్రి. “ఈసారి నేను వెళతాను” అన్నాడు.

యజమాని గారి వసారాలో ముగ్గురం కూర్చున్నాం. ముసలాయన రొయ్యల మాట ఎత్తలేదు. కనుచూపు మేరలో ఉన్న కరకట్ట వైపు చూపించి, “దాని ఎత్తెంత?” అని అడిగాడు. ఈయన చెప్పారు. “ఎప్పుడు కట్టారు?” అన్నాడు. అక్కడినుంచి మాట 1977 నవంబరు 19కి వెళ్లింది. పదివేల మందికి పైగా పోయిన ఆ ఉప్పెన రాత్రి ఈయనకి పద్నాలుగేళ్లు. తాటిచెట్టు పట్టుకుని తెల్లవార్లూ ఉన్నారు. చెల్లెలు చేయి జారిపోయింది. ముసలాయన తలూపి, తనది చెప్పాడు. 1953, జనవరి ఆఖరు రాత్రి, తెల్లవారితే ఫిబ్రవరి ఒకటి. సముద్రం గట్లు తెంచుకుని జీలాండ్ మీద పడింది. వాళ్ల దేశంలో 1,836 మంది పోయారు. ఆయనకి తొమ్మిదేళ్లు. ఇంటి కప్పు మీద తండ్రితో ఉన్నాడు. తల్లి లేదు. ఆ ఉప్పెన తర్వాతే వాళ్లు డెల్టా గోడలు కట్టుకున్నారు. వాటిలో పెద్దది, ఊస్టర్‌స్కెల్డే అడ్డుకట్ట, నేను ఇక్కడ పదో తరగతి పరీక్షలు రాసిన 1986లోనే ప్రారంభమైంది.

నాకప్పుడు ఆరేళ్లు. నాగాయలంక వైపున్న మా మేనత్త, ఆవిడ ఇద్దరు పిల్లలు ఆ రాత్రే పోయారు. మన బడి గదుల్లో నెలరోజులు జనం తలదాచుకోవడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ వసారాలో ఇటు మాట అటు, అటు మాట ఇటు చెబుతూ రెండుసార్లు ఆగాల్సివచ్చింది. ఇద్దరూ నన్ను తొందరపెట్టలేదు. ఆ రోజు ఏ మాటా తగ్గించి చెప్పలేదు.

ఒప్పందం గురించి ఆ సాయంత్రం ఎవరూ మాట్లాడలేదు. లేవబోయే ముందు యజమాని గారే అన్నారు: “ఆ కుర్రాడు చెప్పింది నిజమేనమ్మా. రికార్డులు సరిగా లేవు. మళ్లీ రమ్మను. ఈసారి నా గదిలో కూర్చుందాం.” ఏ చెరువు రొయ్య ఏ పెట్టెలోదో చెప్పే పద్ధతి పెట్టడానికి ఏడు నెలలు పట్టింది. ఆ కుర్రాడు మూడుసార్లు వచ్చాడు. మూడోసారి చెప్పులు బయట విడిచి, ముందు యజమాని గారి అమ్మగారికి నమస్కారం పెట్టి మరీ లోపలికొచ్చాడు. నేను నేర్పలేదు, చూసి నేర్చుకున్నాడు.

పెడన మిత్రుడి సంగతి అడుగుతారని నాకు తెలుసు. రంగు నిలిచే పద్ధతి మీద రెండేళ్లు కుస్తీ పట్టాడు. ఇప్పుడు సరుకుతో పాటు పరీక్ష కాగితం కూడా ఇస్తాడు. కొనేవాళ్లు హాలండు వాళ్లు కారు, బెంగళూరు వాళ్లు. అయితే ఏమిటి? పొద్దున్న గేటు దగ్గర కనపడి, “ఇవాళైనా నిజం చెబుతావా?” అన్నాడు.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. టిఫిన్ల తర్వాత నాలుగింటి నుంచి పదో తరగతి ‘బి’ గదిలోనే కూర్చుంటాను. విదేశీ కంపెనీల నుంచి వచ్చిన ఉత్తరాలు, ఒప్పందాలు, ఇంటర్వ్యూ పిలుపులు ఏమైనా ఉంటే పట్టుకు రండి. రుసుము లేదు. రెండో బెంచీ మాత్రం నాది.

సెలవు.